బెజవాడలో కూర్చుని కోనిగ్ కాగితాలు చదవడం: పరదేశం నుంచి వచ్చిన ఒక మొక్కల సేకర్త జీవితాన్ని కట్టే పద్ధతి

యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1728లో బాల్టిక్ తీరాన ఉన్న లివోనియాలో, అంటే నేటి లాట్వియా ప్రాంతంలో పుట్టి, 1785 జూన్ 26న మన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. స్వీడన్‌లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దగ్గర చదువుకుని, డెన్మార్క్‌లో కొన్నేళ్లు గడిపి, ఐస్‌లాండ్ మొక్కలను పరిశీలించి, 1768లో తమిళ తీరంలోని తరంగంబాడి డేనిష్ స్థావరానికి వైద్యుడిగా వచ్చినవాడు మళ్లీ స్వదేశానికి వెళ్లలేదు. మన ఇళ్లలో ఆయన పేరు ఎరిగినవారు తక్కువ. ఆయన పేరు మోస్తున్న చెట్టు మాత్రం దాదాపు ప్రతి పెరట్లోనూ ఉంటుంది: కరివేపాకుకు వృక్షశాస్త్రం పెట్టిన 'కోనిగీ' అనే పేరు ఆయనదే.

ఇలాంటి మనిషి జీవితాన్ని, ఆయన వదిలిన కాగితాల ఆధారంగా, విజయవాడలోనో గుంటూరులోనో ఉండి ఎలా అధ్యయనం చేయవచ్చో ఈ వ్యాసం దశలవారీగా వివరిస్తుంది. వృక్షశాస్త్రం చదివే డిగ్రీ విద్యార్థులు, కళాశాల అధ్యాపకులు, స్థానిక చరిత్ర మీద ఆసక్తి ఉన్న విశ్రాంత ఉద్యోగులు దీన్ని దృష్టిలో పెట్టుకుని పని మొదలుపెట్టవచ్చు. కోనిగ్‌ను ఉదాహరణగా తీసుకున్నాను కానీ ఇదే పద్ధతి మన వైపు మొక్కలు సేకరించిన మరికొందరు పరదేశీయులు రాక్స్‌బర్గ్‌కు, రాట్లర్‌కు, హైన్‌కు కూడా వర్తిస్తుంది. పద్ధతి మొత్తానికి ఆధారమైన సూత్రం ఒకటే: ముందు కాగితాల చరిత్ర రాయండి, ఆ తరవాతే మనిషి చరిత్ర రాయండి. ఏ కాగితం ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి చేరిందో తెలియకుండా రాసిన జీవితచరిత్రలో పదింట తొమ్మిది మాటలు మరొకరి పుస్తకం నుంచి ఎత్తిరాసినవే అవుతాయి.

మొదటి దశ: ప్రశ్నను చిన్నది చేసుకోవడం

'కోనిగ్ జీవితం, కృషి' అనే శీర్షికతో పని మొదలుపెట్టకండి. దానికి అంతు ఉండదు. 'తీరాంధ్రలో ఆయన చివరి రోజులకు ఏ ఆధారాలు మిగిలాయి?', 'కరివేపాకు నమూనా ఐరోపాకు ఎలా చేరింది?', 'ఆయన రాతల్లో స్థానిక భాషల పేర్లు ఎంతవరకు ఉన్నాయి?' వంటి ప్రశ్న ఒకటి ఎంచుకుని, నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. పని సాగేకొద్దీ ప్రశ్న మారితే పాతది కొట్టివేయకుండా కిందనే కొత్తది తేదీతో సహా రాయండి.

రెండవ దశ: కాగితాల ప్రయాణాన్ని గీయడం

పెద్ద తెల్లకాగితం తీసుకుని ఎడమ చివర సేకర్త మరణించిన చోటు, తేదీ రాయండి. అక్కడి నుంచి కుడివైపుకు కాగితాల దారిని గీస్తూ వెళ్లండి. మరణం దగ్గర మొదలుపెట్టడం వింతగా అనిపించవచ్చు. అయితే మనిషి బతికి ఉన్నంతకాలం కాగితాలు ఆయన వెంట తిరుగుతాయి, ఆయన పోయిన రోజున అవి ఎవరిదో ఒకరి చేతికి వెళ్తాయి; ఆ చేతులు ఎవరివో తేలితే మిగతా దారి దానంతట అదే విడివడుతుంది.

కోనిగ్ విషయంలో దారి ఇలా ఉంటుంది. చివరి జబ్బులో ఆయనకు వైద్యం చేసినవాడు అప్పటికి సామర్లకోటలో ఉద్యోగం చేస్తున్న స్కాట్లండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్. కోనిగ్ తన కాగితాలను లండన్‌లోని ప్రకృతి శాస్త్రవేత్త సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు చెందేలా వీలునామా చేశాడు. బ్యాంక్స్ 1820లో మరణించాక ఆయన ఎండు మొక్కల సేకరణ, గ్రంథాలయం ఆయన గ్రంథపాలకుడు రాబర్ట్ బ్రౌన్ సంరక్షణలోకి వచ్చి, 1827లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఆ మ్యూజియంలోని ప్రకృతి విభాగాలు 1881లో సౌత్ కెన్సింగ్టన్‌లో తెరిచిన కొత్త భవనానికి మారాయి. ఈనాటి నేచురల్ హిస్టరీ మ్యూజియం అదే. అందువల్ల పాత పుస్తకాల్లో 'బ్రిటిష్ మ్యూజియంలోని కోనిగ్ రాతప్రతులు' అని కనిపిస్తే, వాటి కోసం ఈనాడు అడగవలసిన చోటు నేచురల్ హిస్టరీ మ్యూజియం. ఈ ఒక్క మార్పు తెలియక తప్పు సంస్థకు ఉత్తరాలు రాసి నెలల తరబడి ఎదురుచూసేవారు ఉంటారు.

ఇది ప్రధాన శాఖ మాత్రమే. బతికి ఉండగానే కోనిగ్ మొక్కలను, ఉత్తరాలను నలువైపులకు పంపాడు. లిన్నేయస్‌కు పంపినవి స్వీడన్ చేరాయి. లిన్నేయస్ 1778లో మరణించాక ఆ సేకరణ మొత్తాన్ని 1784లో జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్ అనే ఆంగ్ల యువకుడు కొన్నాడు. స్మిత్ మరణానంతరం 1829లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ దాన్ని కొనుక్కుంది. స్వీడన్‌లోనే ఉన్న లుండ్‌లోని ఆచార్యుడు రెట్జియస్‌కు పంపినవి లుండ్‌లోనూ, డేనిష్ మిత్రులకు పంపినవి కోపెన్‌హాగెన్‌లోనూ మిగిలాయి. ఒక మనిషి చేతిరాత ఇలా మూడు నగరాల్లో చీలిపోయి ఉంది. మీ పటంలో ప్రతి శాఖకూ ఒక రంగు పెట్టుకుని, ప్రతి మలుపు దగ్గర ఆ సమాచారం ఎక్కడ చదివారో పేజీ సంఖ్యతో రాసుకోండి.

ఏ కాగితం మిగల్లేదో కూడా పటంలో ఉండాలి. సామర్లకోటలో ఉన్న కాలంలో రాక్స్‌బర్గ్ తొలి సేకరణలు ఉప్పెన నీటిపాలయ్యాయి. ఆయన తొలి సంవత్సరాల గురించి రాతలు తక్కువగా దొరకడానికి కారణం ఆయన బద్ధకం కాదు, మన తీరపు సముద్రం. కాగితం లేకపోవడానికి కారణం తెలిస్తే ఆ ఖాళీని ఊహతో నింపాలన్న తొందర తగ్గుతుంది.

మూడవ దశ: కాలపట్టిక, అందులో యజమానుల వరుస

ఇప్పుడు మనిషి దగ్గరకు వద్దాం. నాలుగు నిలువు గడులు గీయండి: తేదీ, ఊరు, జీతమిచ్చినవారు, ఆధారం. మూడవ గడి చాలా ముఖ్యమైనది. జీవితచరిత్రలు రాసేవారు సాధారణంగా దాన్నే వదిలేస్తారు. మొక్కల సేకర్త దేని కోసం వెతికాడో జీతమిచ్చినవారి అవసరం సగం నిర్ణయిస్తుంది.

కోనిగ్ మొదట తరంగంబాడిలో డేనిష్ మిషన్ వైద్యుడు. 1774 ప్రాంతంలో ఆర్కాటు నవాబు కొలువులో ప్రకృతి పరిశీలకుడిగా చేరాడు. 1778లో ఈస్టిండియా కంపెనీ ఆయనను మద్రాసులో ఉద్యోగంలోకి తీసుకుంది. ఆ వెంటనే సయాం (నేటి థాయ్‌లాండ్), మలక్కాల వైపు సముద్రయానం చేసి, 1780లో తిరిగి వచ్చాడు. ఆయన మరణించిన 1785లోనే ఆ పదవిలోకి విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ వచ్చాడు, రస్సెల్ తరవాత రాక్స్‌బర్గ్. ఈ వరుసను గమనిస్తే కంపెనీ ఒక మనిషికి కాదు, ఒక ఉద్యోగానికి జీతమిస్తూ వచ్చిందని అర్థమవుతుంది. ఆ ఉద్యోగానికి మిరియాలు, అద్దకపు వేర్లు, నీలిమందు వంటి వ్యాపార సరుకుల సమాచారం కావాలి. పరిశోధకుడి ఆసక్తికీ కంపెనీ లెక్కకూ మధ్య ఈ సేకర్తలు పడిన ఒత్తిడి వాళ్ల అధికారిక లేఖల్లో కన్నా మిత్రులకు రాసిన లేఖల్లో ఎక్కువగా బయటపడుతుంది. అందుకే రెండు రకాల లేఖలనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

మన ప్రాంతం వారికి ఇక్కడ ఒక హెచ్చరిక. కోనిగ్ మన దేశంలో ఉన్నంతకాలం కృష్ణ ఒక సరిహద్దు. నదికి ఉత్తరాన కొండపల్లి సర్కారు 1766 నాటికే కంపెనీ చేతికి వచ్చింది. దక్షిణాన గుంటూరు సర్కారు మాత్రం నిజాం సోదరుడు బసాలత్ జంగ్ ఏలుబడిలో ఉండి, ఆయన 1782లో చనిపోయిన తరవాత కూడా 1788 దాకా కంపెనీకి దఖలు పడలేదు. కాబట్టి 1785కు ముందు కంపెనీ ఉద్యోగి గుంటూరు ప్రాంతంలో ఎక్కడికైనా స్వేచ్ఛగా వెళ్లి మొక్కలు కోశాడని అనుకోవడానికి వీల్లేదు. అలాగే మద్రాసు నుంచి ఉత్తరాదికి వెళ్లినవాడు కృష్ణ దాటే ఉంటాడు కదా, బెజవాడ రేవు దగ్గరే దాటి ఉంటాడు కదా అన్న ఊహ మనకు ఎంతో ఇష్టంగా ఉంటుంది. పడవలో తీరం వెంట పోయే దారి కూడా ఉండేదని గుర్తుంచుకోండి. కాగితం చెప్పనిదే ఆయనను ఇంద్రకీలాద్రి కింద నిలబెట్టకూడదు.

నాలుగవ దశ: పేర్ల జాబితా

ఆన్‌లైన్ జాబితాల్లో వెతికేటప్పుడు సేకర్త పేరు ఎన్ని రకాలుగా రాశారో అన్ని రకాలుగానూ వెతకాలి. కోనిగ్‌ను జర్మన్ పద్ధతిలో ఓ మీద రెండు చుక్కలతో, ఆంగ్లంలో ఓ తరవాత ఈ చేర్చి, కొన్నిచోట్ల చుక్కలు లేని ఒట్టి ఓతో రాశారు. మొదటి పేర్లు లాటిన్‌లో యోహాన్నెస్ గెరార్డుస్ అయిపోతాయి. వృక్షశాస్త్ర పుస్తకాల్లో మొక్క పేరు చివర 'జె. కోనిగ్' అని ఉంటే అది ఈయనే.

ఊళ్ల పేర్లకు మరో జాబితా కావాలి. తరంగంబాడి 'ట్రాంకెబార్' అవుతుంది, సామర్లకోట 'సమల్‌కోటా' అవుతుంది, ఒకప్పటి డచ్చి స్థావరం జగన్నాథపురం 'జగ్గెర్‌నాయిక్‌పోరం' అవుతుంది, మచిలీపట్నం 'మసూలిపటాం', ఏలూరు 'ఎల్లోర్' అవుతాయి. ఈ చివరిదాన్ని మహారాష్ట్రలోని ఎల్లోరా గుహలుగా పొరబడిన రాతలు కనిపిస్తుంటాయి. తెలుగువారు సులభంగా పట్టుకోగల పొరపాటు అది. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ సేకరించిన గ్రామ కైఫీయతులు, అంటే ఊళ్ల వివరాల రాతలు, గుంటూరు సీమ ఊళ్ల పాత పేర్లను పోల్చుకోవడానికి బాగా పనికొస్తాయి.

ఐదవ దశ: ఇంటి దగ్గరే చూడగలిగినదంతా ముందు చూడటం

లండన్‌కు ఉత్తరం రాయకముందే ఉచితంగా దొరికేది చాలా ఉంది. లిన్నేయస్ హెర్బేరియం షీట్ల, అంటే ఎండు మొక్కలు అతికించిన కాగితాల, చిత్రాలను లిన్నేయన్ సొసైటీ తన వెబ్‌సైట్‌లో ఉంచింది. లిన్నేయస్‌కు వచ్చిన ఉత్తరాలు స్వీడన్ వారి ఆల్విన్ అనే వేదికలో చూడవచ్చు. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం దొరుకుతుంది. 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువడిన ఆ గ్రంథంలో 300 చిత్రపటాలు ఉన్నాయి, మొదటి సంపుటానికి ముందుమాట రాసినవాడు పాట్రిక్ రస్సెల్. కోనిగ్ సయాం, మలక్కా ప్రయాణపు దినచర్య ఆంగ్లానువాదం 1894లో సింగపూరు నుంచి వెలువడిన రాయల్ ఆసియాటిక్ సొసైటీ స్ట్రెయిట్స్ శాఖ పత్రికలో అచ్చయింది. అది కూడా అంతర్జాలంలో చదవవచ్చు. ముందుగా దీన్నే చదవమంటాను. ఆయన చూపు ఎలా నడుస్తుందో, ఒక మొక్క ముందు ఎంతసేపు ఆగుతాడో, మనుషులతో ఎలా మెలిగాడో ఇందులో తెలుస్తుంది.

కంపెనీ మద్రాసు ప్రభుత్వపు పాత దస్త్రాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు రాష్ట్ర ప్రాచీన పత్రాగారానికి వెళ్లాలి. విజయవాడ నుంచి రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి చేరవచ్చు. వెళ్లేముందు కళాశాల లేదా విశ్వవిద్యాలయం నుంచి పరిచయపత్రం, గుర్తింపు కార్డు నకలు సిద్ధం చేసుకుని, ఏ ఏడాది, ఏ శాఖ దస్త్రం కావాలో ముందే రాసుకోండి. లోపల పెన్సిల్ తప్ప పెన్ను వాడకూడదు. మిషన్ వారి జర్మన్ ఉత్తరాలు జర్మనీలో హాలె నగరంలోని ఫ్రాంకె సంస్థల పత్రాగారంలో ఉన్నాయి. వారికి మర్యాదగా, సంక్షిప్తంగా, తేదీల పరిధి చెబుతూ ఈమెయిలు రాయాలి.

ఆరవ దశ: చేతిరాతను విప్పడం

కోనిగ్ వంటివారి కాగితాల్లో లాటిన్, జర్మన్, డేనిష్ కలగలిసి ఉంటాయి. లాటిన్ భాగాలు మనకు అలవాటైన రోమన్ అక్షరాల్లోనే ఉంటాయి. జర్మన్ మాత్రం 'కురెంట్' అనే పాత గొలుసుకట్టు రాతలో ఉంటుంది. దాన్ని చూసి బెదిరిపోనక్కర్లేదు. అక్షరమాల పట్టికను ముద్రించి ఎదురుగా పెట్టుకుని, ముందు అంకెలను, ఆ తరవాత ఊళ్ల పేర్లను, ఆ పైన మొక్కల పేర్లను గుర్తుపట్టండి. ఈ మూడూ తెలిస్తే పేజీ దేని గురించో తెలిసిపోతుంది. ట్రాన్స్‌క్రిబస్ అనే సాఫ్ట్‌వేర్ పాత చేతిరాతలను అక్షరాలుగా మారుస్తుంది, కానీ అది ఇచ్చినదాన్ని ప్రతి పంక్తికీ మూలంతో సరిచూడకుండా వాడకూడదు. మొక్కల పేర్ల దగ్గరే అది ఎక్కువగా తడబడుతుంది.

ప్రతిలేఖనం చేసేటప్పుడు మూలంలోని అక్షరదోషాన్ని దిద్దకండి. చదవలేని చోట చుక్కలు పెట్టి, ఊహించిన మాటను చదరపు కుండలీకరణంలో రాసి పక్కన ప్రశ్నార్థకం ఉంచండి. పేజీ ఎక్కడ ముగిసిందో గీత గీసి చూపండి. అర్థం రాసే ప్రయత్నం వేరే కాగితం మీద చేయండి. ఈ రెండిటినీ ఒకే కాగితంలో కలిపితే ఆరు నెలల తరవాత ఏది కోనిగ్ మాటో, ఏది మీ మాటో మీకే తెలియకుండా పోతుంది.

ఏడవ దశ: హెర్బేరియం షీటును ఉత్తరంలా చదవడం

మొక్కల సేకర్త కాగితాల్లో సగం నిజానికి ఎండిన మొక్కలే. ఒక షీటు మీద ఎండిన కొమ్మ, దాని కింద సేకర్త రాసిన చీటీ, తరవాతి శతాబ్దాల్లో నిపుణులు అతికించిన నిర్ధారణ చీటీలు, సంస్థ ముద్రలు ఉంటాయి. కింది నుంచి పైకి, పాతది నుంచి కొత్తదానికి వరుస పెట్టి చదవండి. వీలైతే వెనకవైపు చిత్రం కూడా అడగండి; అసలు సేకర్త రాత చాలాసార్లు అక్కడే ఉంటుంది.

కరివేపాకునే చూడండి. లిన్నేయస్ 1771లో దానికి 'బెర్గెరా కోనిగీ' అని పేరు పెట్టాడు. 1825లో స్ప్రెంగెల్ దాన్ని 'ముర్రాయా' ప్రజాతిలోకి మార్చి 'ముర్రాయా కోనిగీ' అన్నాడు. ఇప్పుడు కొందరు వర్గీకర్తలు మళ్లీ బెర్గెరా వైపుకే వచ్చారు. ఇన్ని మార్పుల్లోనూ చివరి మాట కోనిగ్‌దిగానే నిలిచింది. కాబట్టి పాత పుస్తకంలో కనిపించిన పేరుతో మాత్రమే వెతికితే సగం షీట్లు దొరకవు; ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్ వంటి జాబితాలో ఒక మొక్క పర్యాయనామాలన్నీ రాసుకుని, ఒక్కొక్కదానితో వెతకాలి.

పేరు చివర ఉండే సంక్షిప్తాక్షరాలు జీవితచరిత్రకు ఆధారాలే. తెల్లని సుగంధపు పూల అల్లం జాతి మొక్క 'హెడీకియం కొరొనేరియం' పేరు తరవాత జె. కోనిగ్ అని ఉంటుంది. ఆ వర్ణన 1783లో రెట్జియస్ తన గ్రంథంలో అచ్చువేసినది. అంటే సయాం, మలక్కా ప్రయాణపు ఫలం మూడేళ్లలోనే తీరాలు దాటి ఐరోపాలో లాటిన్‌లో వెలుగు చూసింది, కోనిగ్ ఇంకా బతికి ఉండగానే. ఆయన ఉత్తరాలు ఎంత వేగంగా, ఎవరి ద్వారా కదిలాయో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి మొదలు దొరకదు.

స్థానిక కళాశాలల్లోని పాత హెర్బేరియం బీరువాలు తెరిచేవారు ఒక జాగ్రత్త తప్పక పాటించాలి. పురుగు పట్టకుండా పూర్వం మొక్కలకు మెర్క్యురిక్ క్లోరైడ్ పూసేవారు. అది పాదరసపు విషం, దశాబ్దాలు గడిచినా షీటు మీద ఉంటుంది. నైట్రైల్ చేతొడుగులు వేసుకుని, కిటికీలు తెరిచి, ముఖానికి మాస్కు పెట్టుకుని పనిచేయండి. అక్కడ టిఫిను డబ్బా తెరవకండి.

ఎనిమిదవ దశ: తెలుగు పేర్లను వినడం

లండన్‌లో, లుండ్‌లో కూర్చున్నవారు చేయలేనిది, విజయవాడ, గుంటూరుల్లో ఉన్నవారు చేయగలిగినది ఈ దశ. పని మొత్తంలో అన్నిటికన్నా విలువైనది ఇదేనని నా నమ్మకం.

రాక్స్‌బర్గ్ తన గ్రంథంలో మొక్కల పేర్ల పక్కన 'తెలింగ' పేర్లు రోమన్ లిపిలో ఇచ్చాడు. కొన్ని తెలుగు పేర్లు ఏకంగా శాస్త్రీయ నామాల్లోకి ఎక్కాయి: సండ్ర చెట్టుకు ఆయన 'మిమోసా సుంద్ర' అని పేరు పెట్టాడు, సోమిద చెట్టు పేరు తరవాతి కాలంలో 'సోయ్మిడా' అనే ప్రజాతి నామమైంది. దాని బెరడు జ్వరానికి పనికొస్తుందని, పెరూ నుంచి వచ్చే సింకోనా బెరడుకు బదులుగా వాడవచ్చని రాక్స్‌బర్గ్ ఆశించాడు. ఇలాంటి పేర్లను ఒక పట్టికలో పెట్టుకుని, రోమన్ రూపం, మీరు ఊహించిన తెలుగు రూపం, ఈనాటి వాడుక, ఎవరు ఏ ఊళ్లో చెప్పారు అన్న నాలుగు గడులు నింపండి.

ఈ పట్టికతో అడవికి వెళ్లేముందు మనుషుల దగ్గరకు వెళ్లండి. కొండపల్లిలో బొమ్మలు చెక్కేవారికి పొణికి కర్ర గురించి తెలిసినంత ఏ పుస్తకానికీ తెలియదు. ఆ పొణికి చెట్టు పాత శాస్త్రీయ నామం 'గివోటియా రాట్లెరిఫార్మిస్'. అందులో ఉన్న రాట్లర్, కోనిగ్ తరవాత తరంగంబాడి నుంచి మొక్కలు సేకరించిన మతబోధకుడు; 1749లో స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టి, 1776లో వచ్చి, 1836లో మద్రాసులో మరణించాడు, తమిళ నిఘంటువు కూడా కూర్చాడు. మన బొమ్మల కర్ర పేరులోనూ ఒక పరదేశి ఉన్నాడన్నమాట. బొమ్మ చెక్కేవారిని 'ఇది పొణికేనా?' అని అడగకండి. 'ఈ కర్రను మీరేమంటారు, ఏ కాలంలో నరుకుతారు, ఏ కొండ మీద దొరుకుతుంది?' అని అడగండి. జవాబును ప్రశ్నలోనే పెట్టేస్తే ఎదుటివారు మర్యాద కోసం అవుననేస్తారు. గుంటూరు, విజయవాడ మూలికల దుకాణాల్లోను, ఆయుర్వేద వైద్యుల దగ్గరా కూడా ఇదే విధంగా అడగాలి. మాట్లాడినవారి అనుమతితోనే గొంతు రికార్డు చేయాలి. వైద్యపు రహస్యం చెప్పనంటే బలవంతపెట్టకూడదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం స్థానికుల జ్ఞానానికి రక్షణ కల్పించింది. గ్రామాల్లో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఉంటాయి, వాటిని చూడమని పంచాయతీని అడగవచ్చు. కొండపల్లి రిజర్వు అడవిలో అటవీశాఖ అనుమతి లేకుండా కొమ్మ కూడా విరవకండి. ఫొటో తీసుకుంటే చాలు.

ఇక్కడే మరొక బాధ్యత ఉంది. కోనిగ్‌కు, రాక్స్‌బర్గ్‌కు దారి చూపినవారు, చెట్టెక్కి పూలు కోసినవారు, పేర్లు చెప్పినవారు తెలుగువారు, తమిళులు. రాక్స్‌బర్గ్ కోసం 2,500కు పైగా మొక్కల చిత్రాలు గీసినవారు భారతీయ చిత్రకారులు. వారి పేర్లు కాగితాల్లో చాలా అరుదు. మీ నోట్సులో ఒక పేజీని పూర్తిగా వారి కోసం కేటాయించి, 'ఒక బ్రాహ్మణుడు చెప్పాడు', 'నా చిత్రకారుడు', 'కూలీలు' వంటి ప్రతి ప్రస్తావననూ పేజీ సంఖ్యతో అందులో చేర్చండి. పేరు లేని మనిషికి పేరు కల్పించకూడదు. ఆయన ఉన్నాడని మాత్రం రాయకుండా వదలకూడదు. పరదేశీ సేకర్త జీవితాన్ని తెలుగులో మళ్లీ రాయడానికి నాకు కనిపించే బలమైన కారణం ఇదే.

తొమ్మిదవ దశ: మీ చేతికే కాగితాలు వస్తే

ఈ పని చేస్తున్నారని తెలిస్తే ఎవరో ఒకరు తాతగారి మొక్కల నోటుపుస్తకమో, పాత కళాశాల హెర్బేరియమో తెచ్చి ఇస్తారు. వచ్చిన వరుసను చెరపకుండా, ఏ కట్టలో ఏముందో ఫొటో తీసి, పెన్సిల్‌తో సంఖ్య వేయండి. సెల్లోటేపు, లామినేషన్, స్టేప్లరు పిన్నులు వద్దు. స్కాన్ కనీసం 400 డీపీఐలో తీసి, రెండు వేరువేరు చోట్ల దాచండి.

మన వాతావరణంలో మూడు శత్రువులు: వేడి, చెమ్మ, చెద. చెదపురుగులను శాస్త్రీయంగా మొదటగా వర్ణించినవారిలో కోనిగ్ ఒకడు. తెల్లచీమల మీద ఆయన వ్యాసం 1779లో జర్మన్‌లో అచ్చయింది. బీరువాను గోడకు ఆనించకుండా, నేల మీద నుంచి ఎత్తులో, ఇనుముదైతే మరీ మంచిది, ఉంచండి. ఎండిన మొక్కల్లో పురుగు కనిపిస్తే షీట్లను గాలి చొరబడని ప్లాస్టిక్ సంచిలో మూసి, డీప్ ఫ్రీజరులో సుమారు మైనస్ 20 డిగ్రీల వద్ద వారానికి తగ్గకుండా ఉంచాలి. బయటికి తీశాక సంచి గది వేడికి వచ్చేదాకా విప్పకూడదు. విప్పితే మన గాలిలోని చెమ్మ అంతా కాగితం మీదకే దిగుతుంది.

కింది అంతస్తులో కాగితాలు దాచవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇళ్లలోని పుస్తకాలు ఏమయ్యాయో నగరం చూసింది. కాగితాలు తడిస్తే ఎండలో పరిచి విడదీసే ప్రయత్నం చేయకండి. కట్టలు కట్టలుగానే ఫ్రీజరులో పెట్టి, ఆ తరవాత నిపుణుల సలహాతో నిదానంగా ఆరబెట్టండి. పని పూర్తయ్యాక అసలు కాగితాలను ఇంట్లో ఉంచుకోకుండా, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగం వంటి సంస్థతోనో, హైదరాబాదులోని భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కన్ ప్రాంతీయ కేంద్రంతోనో మాట్లాడి, రాతపూర్వక ఒప్పందంతో అప్పగించండి. స్కాన్ ప్రతి విజయవాడ రామమోహన గ్రంథాలయం వంటి ప్రజా గ్రంథాలయంలో కూడా ఉంటే విద్యార్థులకు అందుబాటులో ఉంటుంది.

పదవ దశ: రాయడం

రాసేటప్పుడు పుట్టుక నుంచి చావు దాకా సాగే వరుసే అక్కర్లేదు. మీ దగ్గర ఉన్న అన్నిటికన్నా గట్టి కాగితం ఏదో దానితో మొదలుపెట్టండి. ప్రతి పేరాలోనూ చూసిన ఆధారం, మీ అనుమానం, మీ నిర్ణయం విడివిడిగా కనిపించాలి. 'ఉండవచ్చు' అనే మాట వాడిన ప్రతిచోట ఎందుకు ఉండవచ్చో ఒక వాక్యం చేర్చండి. శాస్త్రీయ నామం పక్కన తెలుగు పేరు, ఆ తెలుగు పేరు చెప్పిన ఊరు తప్పక ఇవ్వండి.

చివరి పేజీలో మీకు జవాబు దొరకని ప్రశ్నలను సంఖ్యలతో రాసి, ప్రతి ప్రశ్నకు ఎదురుగా ఏ పత్రాగారంలో ఏ సంవత్సరపు దస్త్రం చూడవలసి ఉందో సూచించండి. 1785 జూన్ నాటి మద్రాసు ప్రభుత్వ దస్త్రాల్లో కోనిగ్ మరణవార్త ఎలా నమోదైంది, ఆయన పెట్టెలు కాకినాడ నుంచి ఏ ఓడ మీద వెళ్లాయి, వాటిని ఎవరు మూటకట్టారు అన్నవి ఆ జాబితాలో మొదట రాసుకోవచ్చు. చెన్నై రైలు టికెట్టు కొనేముందు ఆ జాబితాను మరొక్కసారి చదివి, మొదటి రోజు అడగవలసిన దస్త్రాల సంఖ్యలను చీటీ మీద రాసుకోండి.